ప్రార్థన చేయని నూనె

అవనిగడ్డ,
జూలై 9, బుధవారం.

నిస్సీ తల్లికి, అమ్మమ్మ దీవెనలు.

క్షేమ సమాచారాలకు ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. ముప్పై ఆరేళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. "మా అమ్మమ్మ యాభై ఏళ్ళలో ఒక్క తెల్లవారుజాము కూడా ప్రార్థన మానలేదు" అని నీ గదిలో ఉండే జోయాతో చెప్పానని రాశావు. అది తప్పు. ఎంత తప్పో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. ఆ అమ్మాయికి మళ్ళీ సరిగ్గా చెప్పాల్సి ఉంటుంది, సిద్ధంగా ఉండు.

ఇక, ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నా రెండు మోకాళ్ళూ. కుడిది కాస్త తక్కువ క్షేమం. గుడివాడలో మీ అమ్మా నాన్నా బాగున్నారు. పోయిన ఆదివారం మీ అమ్మ ఫోను చేసి అరగంట మాట్లాడింది, అందులో ఇరవై ఐదు నిమిషాలు నీ పెళ్ళి. నేను "ఊ" కొట్టాను, భయపడకు.

వంటింటి కప్పు కారడం ఆగిందా అని అడిగావు. ఆగలేదు. చిన్న బకెట్ తీసి పెద్ద బకెట్ పెట్టాను. మేస్త్రీ రేపు వస్తానని మూడు వానల నుంచి చెబుతున్నాడు. ఆవకాయ అయిపోయిందని రాశావు. మే నెలలో ఇచ్చిన జాడీ జూన్ కల్లా అయిపోయిందంటే మీరిద్దరూ అన్నంలో ఆవకాయ కలుపుకుంటున్నారా, ఆవకాయలో అన్నం కలుపుకుంటున్నారా? ఇంకో సీసా పంపిస్తాను.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. ఆసుపత్రి డ్యూటీ దిగి హాస్టలుకు వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయని, బైబిలు మీదే నిద్రపోతున్నావని, జోయా మాత్రం ఎంత అలసినా కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజుకు నిలబడుతుంటే నీకు సిగ్గేస్తోందని రాశావు. "నీ పద్ధతేమిటో రాయి అమ్మమ్మా, అంతమంది పేర్లు తలుచుకుని రోజూ ఎలా ప్రార్థిస్తావో రాయి, నేనూ అలాగే చేస్తాను" అన్నావు. ఆ ఉత్తరం మూడు వారాలుగా నా బైబిల్లో ఉంది. జవాబు ఎందుకు ఆలస్యమైందంటే, నా పద్ధతి నీకు నేర్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఫోనులో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు వెంటనే "పర్లేదులే అమ్మమ్మా" అంటావు. కాగితం అలా అనదు.

ఒకప్పుడు నిజంగానే నాకొక పద్ధతి ఉండేది. మీ తాతయ్య పోయిన ఏడాది ఒక నోటు పుస్తకం కొన్నాను. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా పేరు రాసుకుని, నాలుగున్నరకు లేచి ఒక్కొక్క పేరు దగ్గరా ఆగేదాన్ని. ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. అవి మంచి రోజులు. తరువాత పేర్లు పెరిగాయి. నాకూ పేరొచ్చింది. "రాహేలు టీచరుగారికి చెబితే పనైపోతుంది" అని మన గుడిలోనూ, గుడి బయటా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ పేరొచ్చాక నా ప్రార్థన అటెండెన్స్ రిజిస్టరు అయిపోయింది. పక్కింటి అంకమ్మ ఆయాసం, ప్రెజెంట్. పాస్టరు అయ్యగారి అబ్బాయి ఉద్యోగం, ప్రెజెంట్. నలభై పేర్లు నాలుగు నిమిషాల్లో. బడిలో అయితే పేరు పిలిచినప్పుడు కనీసం తలెత్తి పిల్లవాడి మొహం చూసేదాన్ని.

ఆ పైన గుడివాళ్ళ వాట్సాప్ గ్రూపు వచ్చింది. ప్రార్థన మనవులన్నీ అందులోకి మారాయి. ఎవరికి ఏ ఆపరేషన్ అన్నా, జోడించిన పసుపు చేతుల బొమ్మ ఒకటి నొక్కడం, పెనం మీద దోసె తిరగేయడం. ఈ మూడేళ్ళలో ఆ బొమ్మ చేతులు చేసిన ప్రార్థనలో నా చేతులు పదో వంతు చేయలేదు. నాలుగున్నరకు గదిలో లైటు మాత్రం క్రమం తప్పకుండా వెలిగేది. లైటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఫోనులో వంటల వీడియోలు చూసేదాన్ని. పాలవాడు కిటికీలో వెలుగు చూసి, టీచరమ్మ ప్రార్థనలో ఉందని గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళేవాడు. ఆ గేటు చప్పుడు కాకపోవడం నాకు వినబడేది. అయినా వీడియో ఆపేదాన్ని కాదు.

నీ సంగతి కూడా చెప్పేస్తాను. నీ ఆఖరి సంవత్సరం పరీక్షల మొదటి రోజు "తెల్లవారుజాము నుంచి నీ కోసం మోకాళ్ళ మీదే ఉన్నాను" అని మెసేజ్ పెట్టాను. మంచం మీద దుప్పటి కప్పుకుని పెట్టాను. నువ్వు పాసయింది నీ చదువు వల్ల, దేవుడి దయ వల్ల. మధ్యలో నేను లేను.

ఇదంతా సోమరితనం, దొంగవేషం అని సరిపెట్టుకోవచ్చు. కానీ దానివల్ల ఒక మనిషి కాలికి నష్టం జరిగింది. అది చెప్పడానికే ఇంత దూరం నడిచి వచ్చాను.

పాలకాయతిప్ప నుంచి చేపల గంపతో ఆటోలో వచ్చే ముత్యాలమ్మ నీకు గుర్తుందిగా, చిన్నప్పుడు నీకు ముళ్ళు తీసి చేప తినిపించేది. ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం మొదట్లో ఒకరోజు చందువలు తూచి ఇచ్చాక, గంప పక్కనుంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసింది. కొన్ని ప్రార్థన కూటాల్లో నూనె సీసాలు తెచ్చి ప్రార్థన చేయించుకోవడం నీకు తెలిసిందే. అది నాకు గిట్టదనీ తెలుసు. ఆ అలవాటును నేనెంత వెక్కిరించానో, మన గుడివాళ్ళంతా చెబుతారు.

"టీచరుగారూ, దీని మీద చెయ్యెట్టి మీ దేవుడికి ఒక మాట చెప్పండి, మా ఆయన కోసం" అంది.

"నూనె నాకెందుకే? నేనేమైనా మర్దన చేసేదాన్నా?"

"మీరు చేస్తే జరుగుద్దంటండి. అంకమ్మ చెప్పింది."

ఆ చివరి మాట నాకు తియ్యగా వినబడింది. సీసా తీసుకున్నాను. ఆమె భర్త రత్తయ్యకు ఏమైందని అడగలేదు. వలలు లాగే మనిషి, నడుము నొప్పి అయి ఉంటుందని నేనే అనేసుకున్నాను. సీసాను ఫ్రిజ్ మీద, కుక్కరు రబ్బరు పక్కన పెట్టాను. తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. నూనె మీద ప్రార్థన చేయకూడదన్న నియమం కొద్దీ మానానని అనుకోకు. అలా అయితే కనీసం ఒక సిద్ధాంతమైనా ఉండేది. మరిచిపోయాను, అంతే. పదో రోజు ముత్యాలమ్మ వచ్చి "అయ్యిందాండీ?" అంది. "ఆ, అయింది, తీసుకెళ్ళు" అన్నాను. సీసా మీది దుమ్ము తుడిచి మరీ ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళింది.

ఈస్టరు తర్వాత మూడు వారాలు ముత్యాలమ్మ రాలేదు. చేపల కోసం బజారుకు నడవాల్సి వస్తోందని విసుక్కున్నాను. నాకు తట్టింది అదొక్కటే. చివరికి అంకమ్మ వచ్చి చెప్పింది.

"రత్తయ్య కాలి వేళ్ళు రెండు తీసేశారంటండి, బందరు ఆసుపత్రిలో. షుగరుందంట. ఎప్పుడో పడవ మేకు గుచ్చుకుంటే పుండైపోయిందంట."

"ఇన్నాళ్ళూ ఏం చేశారే?"

"మీ నూనే రాశారండి రోజూ. తేజస్విని ఉందిగా, వాళ్ళమ్మాయి, ఆసుపత్రికి పోదాం నాన్నా అని ఒకటే పోరిందంట. 'టీచరుగారు తొమ్మిది రోజులు ప్రార్దన చేసిన నూనె, మజ్జలో డాక్టరు దగ్గరికి పోతే నమ్మకం లేనట్టు కాదా' అన్నాడంట ఆయన."

నువ్వు నర్సువి, షుగరున్న కాలి పుండును నూనెతో నెల రోజులు పెడితే ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు. నేను ఒక్క ఉదయం నిజంగా కళ్ళు మూసుకుని రత్తయ్య పేరెత్తి ఉంటే, "ఇంతకీ ఆయన బాధేమిటి?" అన్న దగ్గర ఆగిపోయేదాన్ని. మర్నాడు ముత్యాలమ్మను అడిగేదాన్ని. పుండు అంటే నీకు ఫోను చేసేదాన్ని. నువ్వు అక్కడినుంచి అరిచేదానివి. వేళ్ళు ఉండేవి.

మర్నాడే బందరు బస్సెక్కాను. మోపిదేవి, చల్లపల్లి దాటేదాకా చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. వార్డులోకి అడుగు పెట్టానో లేదో రత్తయ్య లేచి కూర్చోబోయాడు. "ఒసే, టీచరుగారే వచ్చారు! మీ ప్రార్దన వల్లేనండి, రెండు వేళ్ళతో వదిలింది. ఇంకొన్నాళ్ళయితే మోకాలి దాకా పోయేదన్నారు" అని దండం పెట్టాడు.

ఇక్కడ కలం పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చి రాస్తున్నాను.

నేను నిజం చెప్పలేదు నిస్సీ. "అంతా ప్రభువు కృప" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? చుట్టుపక్కల మంచాలవాళ్ళు చూస్తుండగా ఆయన తల మీద చెయ్యి పెట్టి బిగ్గరగా ప్రార్థన చేశాను. మంచి తెలుగు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో బాగా తెలిసిన ప్రార్థన. ఎదురు మంచం ముసలాయన ఆమేన్ అన్నాడు. ఇంకొకామె తన కోడలి పేరు రాసుకోమంది. రాసుకున్నాను.

ఆ తరువాత కొన్ని వారాలు నేను లైటు వేయలేదు. పాలవాడు "ఒంట్లో బాగాలేదాండీ" అని అడిగాడు. అంతలో నీ ఉత్తరం వచ్చింది, నా పద్ధతి నేర్పమని. ఇంకొకరు నా నూనె సీసా కళ్ళకద్దుకుంటున్నారు అనిపించింది.

పోయిన గురువారం ఆటో మాట్లాడుకుని పాలకాయతిప్ప వెళ్ళాను. వాన తెరిపి ఇచ్చిందని ముత్యాలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఆ నూనె మీద నేను ప్రార్థన చెయ్యలేదే" అన్నాను.

"ఎప్పుడండి?"

"ఎప్పుడూ చెయ్యలేదు. మరిచిపోయాను. నువ్వు అడిగితే చేశానని అబద్ధం చెప్పాను."

చేపలు తిప్పే చెయ్యి ఆగింది. "అయితే అది ఉత్త నూనేనాండి?"

"ఉత్త నూనె."

"మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకుందామనుకున్నానండి అప్పుడు. మీకు చెప్పి ఇంకో దేవుడి కాడికి పోతే మీకు తప్పుగా ఉంటదని ఆగాను." చేతిలో చేపను కింద పెట్టింది. "చెయ్యను పోవే అన్నా పోయేది కదండి. చదువుకున్నోరు, అయ్యిందంటే అయ్యిందే అనుకున్నాం."

నా జీవితంలో చాలామంది నోళ్ళు మూయించాను. ఆ రోజు క్షమించమని మాత్రం అడిగాను. క్షమించానని ఆమె అనలేదు. అననిది అన్నట్టు నీకు రాయను. "ఆయనకి మీరే చెప్పండి" అని గుమ్మం వైపు చూపించింది.

చెప్పాను. రత్తయ్య కట్టు కట్టిన కాలిని రెండు చేతులతో ముందుకు జరుపుకున్నాడు. "సరేలెండి. ఇప్పుడన్నా నిజంగా చెయ్యండి. నూనె వద్దు" అన్నాడు.

"ఏమని చెయ్యాలి?" అని అడిగాను. ఎన్నేళ్ళయిందో ఒక మనిషిని ఆ మాట అడిగి.

"మళ్ళీ పడవెక్కాలండి. దానికి ముందు నడవాలి. చెప్పు నిలవట్లేదండి ఆ కాలికి, జారిపోతంది. ఉత్త కాళ్ళతో నడవొద్దన్నారు డాక్టరు."

ఇప్పుడు నా పద్ధతి, అడిగావు కాబట్టి: రోజుకు ఒక్క పేరు. ఆ మనిషిని అంతకు ముందే నోరు తెరిచి అడిగి ఉండాలి, లేదా వెళ్ళి చూసి ఉండాలి. నిన్న రత్తయ్య పేరు చెబుతుంటే మనసు వంటింట్లో బకెట్ దగ్గరికి మూడుసార్లు పోయింది, మూడుసార్లు పట్టుకొచ్చాను. అంతా కలిపి ఆరు నిమిషాలు. నువ్వు నిద్రపోయి, నిద్రపోయానని రాశావు. మెలకువగా ఉండి మోసం చేసినదానికంటే నువ్వు చాలా నయం. రోగికి కట్టు కట్టేటప్పుడు ఆయన పేరు ఒక్కసారి లోలోపల దేవుడికి చెప్పు, అక్కడ మొదలుపెట్టు. మిగతాది జోయాను అడుగు. అలసినా ఎలా నిలబడాలో నాకన్నా ఆ పిల్లకే తెలుసు.

మన గుడి స్త్రీల సమాజంలో ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం చెప్పాలి. పాలకాయతిప్పలో చెప్పినదానికన్నా ఇది ఎందుకు కష్టంగా ఉందో ఆలోచిస్తే మళ్ళీ సిగ్గేస్తోంది. ఎక్కువ ఆలోచించకుండా చెప్పేస్తాను.

ఇక నీకొక పని. షుగరున్నవాళ్ళ కాళ్ళకు కొలత తీసుకుని మెత్తటి చెప్పులు కుట్టే కొట్టు మీ ఆసుపత్రి ఎదురుగా ఉందని ఒకసారి చెప్పావు. ఈ ఉత్తరంతో రెండు కాగితాలు మడిచి పెట్టాను, రత్తయ్య పాదాలు. నేనే నేల మీద కూర్చుని పెన్సిలుతో చుట్టూ గీశాను. కూర్చోవడానికి తేజస్విని చెయ్యి ఇచ్చింది. లేవలేకపోతుంటే ముత్యాలమ్మ వచ్చి లేపింది. ఎడమ కాగితం మీద చివర గీత లోపలికి పోయింది చూడు, అది నా చెయ్యి వణికి కాదు, అక్కడ వేళ్ళు లేవు. కొట్టువాడికి ఆ మాట స్పష్టంగా చెప్పు. వెనక మడమకు పట్టీ ఉండాలి, జారకూడదు. ఇసకలో, ఉప్పునీళ్ళలో తిరిగే మనిషని కూడా చెప్పు. పార్సిలు నాకు పంపకు. రత్తయ్య, ముత్యాలమ్మ భర్త, పాలకాయతిప్ప, కోడూరు మండలం అని రాసి సరాసరి వాళ్ళకే పంపు. పంపినవారి చోట నీ పేరు రాయి. నా పేరు ఎక్కడా రాయకు, ఆయన మళ్ళీ నాకు దండం పెడతాడు.

ఇట్లు,
నిన్ను ఇకమీదట అడిగి మరీ తలుచుకునే
మీ అమ్మమ్మ,
రాహేలు