సొంత రక్తమే కావాలన్నారు

ఈ ఉదయం చర్మవైద్యురాలి గదిలో హాజరైనవారు, ప్రవేశించిన వరుసలో: నేను, నీ మరిది, నర్సు, చివరగా డాక్టరమ్మ. అవును, నీవు సరిగ్గానే చదివావు. నీ మరిదే.

మధ్యాహ్న భోజనానికి ఇద్దరమూ వస్తాము. మూడో కంచం పెట్టు. నా దిండుకు పాత గలీబు తొడుగు. రేపటి వరకు నాకు తలస్నానం నిషిద్ధం. నన్ను చూసి నవ్వరాదు.

జుట్టు రాలడానికి చేసే ఆ ప్లాస్మా చికిత్సకు "సొంత రక్తమే కావాలండీ" అని డాక్టరమ్మ ఫోనులో చెప్పగా, తోడబుట్టినవాడి రక్తమని అర్థం చేసుకున్నాను. నాకున్నది వాడొక్కడే. బంధువులందరి ముందు నన్ను "బోడిగుండు" అన్నందుకు నాలుగేళ్లుగా వాడితో మాట మానేసిన సంగతి నీవెరుగుదువు. అయినా నిన్న ఫోను చేసి, "రక్తం కావాలిరా" అన్నాను.

"ఎక్కడికి రావాలన్నయ్యా?" అన్నాడు. ఎందుకని అడగలేదు.

వాడు చొక్కా చెయ్యి మడిచి కూర్చోగానే డాక్టరమ్మ, "సొంతమంటే మీదేనండీ మాస్టారూ! మీ రక్తాన్నే మిషన్లో తిప్పి, పైన తేలే పసుపు ద్రవాన్ని మీ తలకే ఎక్కిస్తాం" అన్నారు. వాడు కుర్చీలోంచి జారిపోయేటంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. సూది గుచ్చేందుకు నర్సు నా తలను గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

వెంట్రుకలు మొలిచేదీ లేనిదీ కొన్ని నెలలకు గాని తెలియదట. మొలవకపోయినా చింత లేదు. ఇప్పుడు ఇద్దరమూ టోపీ కొనడానికి వెళుతున్నాము.

మరచితిని: కారణమడగక, ఫలహారమైనా ముట్టక, నా కొరకు రక్తమిచ్చుటకు చెయ్యి చాచిన నీ మరిది చర్యను ఇందుమూలముగా కృతజ్ఞతాపూర్వకముగా నమోదు చేయుచున్నాను.