రెండు కాళ్లు, ఒక్క తోక

రెబెక్కా బిడ్డా,

ఎయిర్‌పోర్టు డ్యూటీ నుంచి రాంగనే అన్నం తిను, పప్పుచారు వేడి చేసుకో. మిద్దె మీద ఆరేసిన నీలం జలకన్య తోక ఇంకో ఆర్డరుకు కుట్టింది. పొలుసుల రంగు ఇంకా పచ్చిగనే ఉంది, మడత పెట్టకు.

నిన్న నీకొక మాట చెప్పలే. కొత్వాల్‌గూడ రిసార్టుకు కుట్టిన జలకన్య తోక ఉంది కదా, నిన్న అది ఇయ్యనీకి పోతే, తొడుక్కొని బర్త్‌డేల ఈత కొట్టాల్సిన పిల్లకు జరమొచ్చిందన్నరు. అక్కడున్నోళ్లల్ల ఆ కొలత నాకే సరిపోయింది. చిన్నప్పుడు బాయిల ఈత కొట్టినదాన్నే కదా అని తొడుక్కొని వాళ్ల స్విమ్మింగ్‌పూల్‌ల దిగిన. పోలియో కాలు, మంచి కాలు రెండూ తోకల ఒక్కటైపోయినయ్. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయిన బిడ్డా! బర్త్‌డేకు వచ్చిన పిల్లలు "జలకన్య అక్కా, ఇంకోసారి!" అని ఒకటే లొల్లి. నేను కుంటుకుంట నడుస్తనని వాళ్లల్ల ఒక్కరికీ తెల్వదు.

ఈయాల మల్ల రమ్మన్నరు, పోతున్న. "ఈ వయసుల నీకు నీళ్లెందుకమ్మా" అంటవనే నిన్న నోరు మూసుకున్న.

అమ్మ

ఐదు గంటలకు నీళ్లల్ల దిగుత. కోపమొచ్చినా సరే, రా. ఒడ్డు మీద నిలబడి ఎంత తిట్టుకుంటవో తిట్టుకో, నీళ్లల్ల నాకు వినపడదు.