చెప్పంగనే ఏడ్చే పిల్ల

కార్వాన్,
జూన్ 9

ప్రియమైన బిడ్డ వీణకు,

తిన్నవా? జైల్ల నీళ్లు కాగవెట్టి ఇస్తున్నరా లేదా? నీకు పచ్చినీళ్లు పడయి, ఆ సంగతి వాళ్లకు చెప్పినవా? బుధవారం ములాఖత్‌కు వచ్చిన గాని, అద్దం అవుతల నీ పెదవులు కదులుడే కనవడ్డది. ఫోన్ల నీ మాట నా చెవికి ఎక్కలే. చుట్టు అందరు ఒర్లుడే. గందుకే రాస్తున్న. మూడో తరగతి చదువు నాది, మిగిలింది నీ సీరియల్ డైలాగు కాగితాలు చదివి నేర్చుకున్నదే. తప్పులుంటె సదురుకో.

నాకు మస్తు భయమైతుంది. బర్రెలకు గడ్డేస్తుంటె గూడ గల్లీ దిక్కే చూస్తున్న. నిన్న ఒక పోలీసాయన గల్లీల బండి ఆపి ఊకెనే ఫోన్ చూసుకుంటుండె. నాకోసమేనా అని పాల క్యాన్ ఆడనే ఇడిసి లోపటికి ఉరికిన.

గల్లీల నిన్ను ఇంకా సీరియల్ పేరుతోనే బుజ్జమ్మ అంటరు. "పుష్పక్కా, ఆ ఏడ్చే పాప జైలుకెందుకు పోయింది?" అని గాజుల దుకాణపామె అడిగింది. మా పిల్ల పెద్దగైనంక టీవీ ఇడిసి హక్కుల సంఘంల చేరింది, ఠాణాల సచ్చిపోయిన సాయిలు కోసం రోడ్డు మీద బైఠాయించింది, రాళ్లేసిందని కేసు పెట్టి పట్కపోయిండ్రు అని చెప్పిన. ఆమె గాజులు సదురుకుంట, "సచ్చినోడు మీకేమైతడు?" అన్నది. ఏంగాడు గద బిడ్డా.

సాయిలు బండి మీద ఎల్లిగడ్డలు అమ్మెటోడు, మంచోడే, కాదంటలేను. గాని పోయిండు. నువ్వున్నవ్. సాయిలు సావు మీది ఎంక్వైరీల నేనేం చూడలే అనేయి. రెండు ముక్కలే గదా.

నీ తొవ్వ చూసుకుంట కూసున్న,
నీ అమ్మమ్మ పుష్పమ్మ


జూన్ 16

ప్రియమైన అమ్మమ్మకు,

నీ ఉత్తరం వాళ్లు విప్పి చదివినంకనే నాకిచ్చిండ్రు. "మీ అమ్మమ్మ మా నీళ్లనే అనుమానిస్తుంది" అని జైలు మేడం నవ్వింది. నీళ్లు మంచిగనే ఉన్నయ్. నువ్వు మోకాళ్లకు నూనె రాసుకుంటున్నవా?

చూడలే అని ఎట్లనాలె, నువ్వే చెప్పు. నా మొగుణ్ని పట్కపోయిండ్రు అని సాయిలు భార్య సోనీ వస్తె, ఠాణాకు నేనే గదా పోయిన. వెనక అర్ర తలుపు సగం తెరిచి ఉండె. సాయిలు గోడకు ఒరిగి ఉన్నడు. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టేటట్టు లేవు. నన్ను చూసి "అక్కా, మంచినీళ్లు" అన్నడు. నేను తెచ్చేలోపట తలుపు పెట్టిండ్రు. తెల్లారి, గుండె ఆగి పోయిండు అన్నరు.

ఆ అర్ర చూసిన బయటిమనిషిని నేనొక్కదాన్నే. నేను చూడలే అంటె ఎవ్వరు చూడనట్టే.

27 తారీఖు మేజిస్ట్రేటు ముంగట చెప్తున్న. మన వకీలు కృపాకర్ అన్న పక్కకు ఉంటడు, ఫికర్ చెయ్యకు. ఒక్కటే మాట. ఎవరొచ్చి ఏమన్నా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు.

ప్రేమతోని,
నీ వీణ


కార్వాన్,
జూన్ 22

ప్రియమైన నా బంగారు వీణకు,

జర నవ్వు బిడ్డా, నువ్వు ఇంటికొచ్చే సంగతి ఉన్నది.

మన దగ్గర పాలు పోయించుకునే బాలకిషన్ లేడా, ఠాణాల అందరు ఎరుకున్నోడు, మొన్న ఇంటికొచ్చిండు. కుర్చీ ఏస్తె గూడ కూసోలే. "పుష్పమ్మా, పిల్ల ఆరేండ్లు లోపట్నే ఉంటది, ఎరుకేనా?" అన్నడు. ఆరేండ్లకు నేనుంటనా? ఏం చెయ్యాలె భాయ్ అన్న. "పిల్ల తప్పేం లేదు, చిన్నప్పట్నుంచి యాక్టింగ్ చేసి చేసి గట్ల తయారైంది అని రాసియ్యి. ముసలిదాని మాటకు జాలిపడి ఇడుస్తరు" అన్నడు.

ఖాళీ కాగితం మీద పెట్టొద్దన్నవ్, పెట్టలే. ఆయన చెప్తుంటె నా చేత్తోని నేనే నిండ రాసినంకనే కింద సంతకం పెట్టిన. నీ గురించి మంచిగనే రాసిన. మా పిల్లది మెత్తటి మనసు, చెప్పంగనే ఏడుస్తది, డైరెక్టర్ సారు ఏడ్వమంటె అద్ద నిమిషంల కన్నీళ్లు వచ్చేటియి అని. ఇండ్ల తప్పేమున్నది? అవార్డు ఇచ్చిననాడు స్టేజి మీద వాళ్లన్నది గూడ గదే.

తప్పేం లేదు గద? నువ్వు రాసేదాంక నాకు బువ్వ సయించదు.

నీ అమ్మమ్మ


జూన్ 29

అమ్మమ్మా,

27 నాడు చెప్పిన. సాయిలు పాదాల కాడికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. పోలీసుల వకీలు లేచి ఒక కాగితం తీసిండు. నీ రాత నేను అంత దూరంకెళ్లే గుర్తువట్టిన. చదివిండు. చెప్పంగనే ఏడుస్తది అన్న కాడ ఆగి నా దిక్కు చూసిండు. అందరు చూసిండ్రు. ఏడుపు ఆపుదామని మస్తు చూసిన, ఆగలే. ఎవరో నవ్విండ్రు. సోనీ కొంగు నోట్లె కుక్కుకొని బయటికి పోయింది.

నాకు బెయిల్ వచ్చింది. ఈసారి పోలీసులు వద్దనలే. నా మాట ఇగ ఎవ్వరు నమ్మరు గదా, నన్ను లోపట ఆపుడెందుకు.

ఒక్కటి అడుగుత. ఆ సీరియల్ల నేను ఎన్నడన్న యాక్టింగ్ చేసి ఏడ్చిన్నా? కెమెరా వెనక నిలవడ్డది నువ్వే గదా.

ఇంటికి రాను.

వీణ


కార్వాన్,
జూలై 20

ప్రియమైన బిడ్డ వీణకు,

నువ్వు యాడున్నవో కృపాకర్ సారు చెప్తలేడు. ఉత్తరమైతె అందిస్త అన్నడు. బయటి అన్నం తింటున్నవేమో, కడుపు ఎట్లున్నదో.

తెలుసు బిడ్డా. నాకు గాక ఎవరికి తెలుసు. మీ అమ్మ పోయి ఆర్నెల్లు, నీకు ఏడేండ్లు. షూటింగ్ల నీకు ఏడుపే రాకపోయేది, లైట్లు చూసి నవ్వెటిదానివి. రేపట్నుంచి వేరే పిల్లను తెస్తం అన్నడు డైరెక్టరు. నేనే నిన్ను పక్కకు తీస్కపోయి తొడకు గిచ్చిన. రెండోనాడు గిచ్చితె గూడ ఏడ్వలే. గప్పుడు చెవుల చెప్పిన, నువ్వు సతాయించినందుకే మీ అమ్మ పోయింది అని. మూడేండ్లు, ఏడుపు సీను ఉన్నప్పుడల్ల గదే మాట చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన.

గిదంత రాసుకొని కోర్టుకు పోయిన. ఎవ్వరు చెప్పి రాయించలే. గుమాస్తా కాగితం ముట్టుకోలే. "ఆనాడు ఒకటి రాసిస్తివి, ఇయ్యాల ఒకటి తెస్తివి, రేపు ఇంకొకటి తెస్తవా అమ్మా? ఎంక్వైరీ రిపోర్టు ఎప్పుడో పైకి పోయింది" అన్నడు. సాయిలు రోగంతోనే పోయిండని అండ్ల ఉన్నదట. పై కోర్టుకు పోదాం అంటడు కృపాకర్ సారు, గాని నా మొఖం చూసి అంటలేడు.

ఆడికెళ్లి సోనీ ఇంటికి పోయిన. గడప మీద కూసొని ఎల్లిగడ్డలు ఒలుస్తుంది. అంత చెప్పిన. తలకాయ ఎత్తలే. "పెద్దమ్మా, నాకు గూడ ఒక కాగితం రాసియ్యి. నేను ఏడ్చింది గూడ యాక్టింగే అని" అన్నది. మళ్ల ఇంకో ఎల్లిగడ్డ తీసుకున్నది. నేను ఇంటికొచ్చిన.

నువ్వు రాకు, నేను అడుగుతలేను. రాను అని మళ్లొకసారి రాసినా సరే, నీ చేతి రాత చూస్త.

ఇంకొకటున్నది. సీను పాడైతదని ఆనాడు చెప్పలే, తర్వాత చెప్పే మొఖం లేకపాయె. మీ అమ్మ కిడ్నీలు ఖరాబై పోయింది. దవాఖాన చీటీలు నా పెట్టెలనే ఉన్నయ్. కోర్టు తీసుకోకున్నా నువ్వన్న ఈ కాగితం తీసుకో బిడ్డా. నువ్వు సతాయించలే. మూల కూసొని పలక మీద రాసుకునేదానివి. నువ్వేం చెయ్యలే.

మీ అమ్మమ్మ,
పుష్పమ్మ