నున్నటి బొమ్మ

అమ్మలూ, నీకొచ్చినట్టే కడుపులో నొప్పంటే ఇవాళ నీ చెల్లిని స్కానింగుకి తీసుకెళ్లాను, నీకు తీసినాయన దగ్గరికే, మనూళ్లో ఇంకోడు లేడుగా. "ఇసకలాంటి చుక్కలన్నీ మిషనే తుడిచేస్తుందమ్మా, బొమ్మ అద్దంలా వచ్చింది" అన్నాడు. నీకూ అదే మాట చెప్పాడు. ఆ తుడుపులోనే నీ లివరులో చిన్న గడ్డ కూడా కొట్టుకుపోయిందని గుంటూరు డాక్టరమ్మ చెప్పేసరికే నువ్వు నాకు దక్కవని తేలిపోయింది.

నూనె రాసిన మిరపకాయ నిగనిగలాడితే కొనేవాడు విరిచి చూస్తాడు. మనం మాత్రం ఆ రోజు నున్నటి బొమ్మ చూసి సంబరపడి, బజ్జీలు తిని ఇంటికొచ్చాం.

"తుడవక ముందుది చూపించండి" అన్నాను.

"నీకేం తెలుస్తుందమ్మా" అని నవ్వాడు.

"తెలిసినవాళ్లకి చూపించుకుంటాలే" అని చెల్లిని లేపాను. గుంటూరు బస్సెక్కాక చూస్తే దాని పొట్ట మీద స్కానింగుకి రాసిన జిగురు ఇంకా ఆరలేదు. నీకు తుడిచిన కొంగుతోనే తుడిచాను.