స్పీకర్‌లో గద్ద

సెప్టెంబర్ 9, మంగళవారం

మావోరీ గది బోర్డు మళ్లీ వెనక్కి వచ్చింది. "శాడ్ అవుతోంది మేడమ్, గెస్టులు వీకెండ్‌కి వస్తారు కదా..." అంటాడు రిసార్టు మేనేజర్. చిన్నవాడు, మర్యాదస్తుడు. అదే ఇబ్బంది. తిట్టుకోవడానికి వీలివ్వడు.

నేను రాసిందేమిటి? ఇంగ్లీషువాళ్లు ఒప్పందం రాయించుకున్నారు, మావోరీల భాషలో ఒకటి, ఇంగ్లీషులో ఇంకొకటి, తర్వాత భూములు పోయాయి — అంతే. ఆయనకు పచ్చబొట్లు, పడవలు, నాట్యం కావాలి.

రిసార్టులో ఒక్కో గదికి ఎక్కడెక్కడి ఆదివాసుల్లోంచో ఒక్కో జాతి పేరు. చెరోకీ, లకోటా, మావోరీ. తలుపు పక్కన ఐదు వాక్యాలు. హిస్టరీ చదివినవాళ్లు కావాలంటే గేటు దగ్గర పనిచేసే మల్లేశ్ — చిన్నాయన కొడుకు — "మా అక్క ఉన్నది, చేవెళ్ల కాలేజీల చెప్తది" అన్నాడట. కాదనలేకపోయాను. కాదనాలని ఉండిందా? అదీ తెలియదు.

ఆ రిసార్టు ఉన్నది మా అజీజ్‌నగర్ చేనులో. ఆ ముక్క రాయకుండానే పేజీ తిప్పబోయాను.

సెప్టెంబర్ 11

క్లాసులో ఆస్ట్రేలియా. తెల్లవాళ్ల ఓడలు వచ్చేనాటికే అక్కడ మనుషులున్నారు. ఏ గుట్ట ఎవరిదో, ఏ వాగు పాట ఎవరు పాడాలో వాళ్లకు తెలుసు. అయినా ఎవరిదీ కాని నేల అన్నారు. వెనక బెంచీ అమ్మాయి లేచి — "మరి ఆళ్లు కనవడలేదా మేడం?" అందరూ నవ్వారు. కనబడ్డారు. అదే కదా... చెప్పేలోపు బెల్లు.

మా చేనుకు ఎవరూ తుపాకీ పట్టుకుని రాలేదు. అన్న బేరం కుదిర్చాడు. కన్నతల్లి, మా అవ్వ, వేలిముద్ర వేసింది. నేను సంతకం చేశాను. ఆ రెండు కథలనూ పక్కపక్కన పెట్టడం నాకే రుచించదు. పెట్టకుండా ఉండలేను.

సెప్టెంబర్ 14, ఆదివారం

బోర్డులు ఎక్కడ బిగిస్తారో చూడటానికి వెళ్లాను. గేటు దగ్గర మల్లేశ్ — తలమీద ఈకల టోపీ, బుగ్గలమీద ఎర్ర గీతలు. సినిమాల్లో రెడ్ ఇండియన్‌లా చెయ్యెత్తి "హావ్!" అన్నాడు. వచ్చినవాళ్లందరికీ అలా అనాలట.

"నవ్వకక్క. చెమటకు రంగంత కండ్లల్లకు కారుతున్నది."

"ఏ జాతివిరా నువ్వు?"

"ఏమో. మధ్యాహ్నం డ్యూటీకొచ్చెటోడు గూడ గిదే జాతి."

నవ్వాను. నవ్వినందుకు దారంతా బాధ.

బాపు సమాధి అలాగే ఉంది, గోడవారన వేపచెట్టు కింద. చేను అమ్మేటప్పుడు నోటిమాటగా అనుకున్నారు — సమాధి జోలికి రాము, ఏటా వచ్చి పెట్టుకోండి అని. ఆ మాట తప్పలేదు. చుట్టూ తెల్ల గులకరాళ్లు కూడా పోశారు. పక్కన గుడారాలు, ఆ పక్కన భోజనాల లాన్.

గద్ద అరిచింది. తలెత్తి చూశాను, ఆకాశం ఖాళీ. మళ్లీ అరుపు.

"స్పీకర్ అక్క. కాకులు ప్లేట్లల్ల మూతి వెడ్తున్నయని మొన్న ఎండకాలంల వెట్టిండ్రు. ఇప్పుడు ఒక్కటి రాదు."

మంచి ఉపాయమే, అనుకున్నాను. అంతకుమించి ఏమీ తట్టలేదు.

సెప్టెంబర్ 18

పెత్రమాస దగ్గర పడింది. బాపుకు పెట్టుకునే రోజు. అవ్వ హడావుడి. "గారెలు మెత్తగుండాలె, గట్టిగుంటె మీ బాపు ముట్టడు." పోయిన మనిషి పళ్లమీద ఇంత శ్రద్ధ.

ఏటా ఇంతే. సమాధిమీద విస్తరి పెడుతుంది, కాకి ముట్టాకే తను అన్నం తింటుంది. షుగర్ మనిషి, నాకు భయం. కానీ కాకి ఎన్నడూ ఆలస్యం చేయలేదు. బాపు ఉన్నప్పుడూ అంతే, ఆకలికి ఆగేవాడు కాదు.

సెప్టెంబర్ 21, ఆదివారం, అమావాస్య

రాలేదు.

మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, పక్కన సీసాలో కల్లు. దూరం జరిగి కూర్చున్నాం. ఎండ ముదిరింది. ఈగలు వచ్చాయి, ఉడుత వచ్చింది. లాన్‌లోంచి ఒకామె వచ్చి "ఆంటీ, ఒక్క ఫొటో?" అంటే అవ్వ కొంగు సర్దుకుని కూర్చుంది. నాకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అలిగిండు. గారెలు గట్టిగైనయేమో."

అప్పుడు అరిచింది గద్ద. వారం కింద విన్న అరుపే, ఇప్పుడే నిజంగా విన్నాను. చెప్పాను అవ్వకు — అది మిషను, కాకులను బెదరగొట్టడానికి పెట్టారు, బాపు అలగలేదు అని. అవ్వ నా వంక జాలిగా చూసింది.

"కాకి భయపడ్తది. మీ బాపు ఎందుకు భయపడ్తడే?"

మేనేజర్ దగ్గరికి పోయాను. ఒక్క గంట ఆపండి. "సండే కష్టం మేడమ్, ఫుల్ క్రౌడ్. రేపు పొద్దున ఆపిస్తా. మా నానమ్మ కూడా పెడుతుంది, నాకు తెలుసు." నిజంగానే అన్నాడు. వెంటనే — "లకోటా బోర్డు కూడా రేపటికి ఇచ్చేస్తారా? కొంచెం హ్యాపీగా."

సరే అన్నాను. ఎంత తేలికగా అన్నానో.

ఇంటికొచ్చి అవ్వ అన్నం ముట్టలేదు. గోలీలు వేసుకోవడానికి ఒక రొట్టె, అంతే. వీధిలో ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు వినిపిస్తున్నాయి. అవ్వ బయటికి రాలేదు.

సెప్టెంబర్ 22

పొద్దున్నే లకోటా పంపేశాను. మొదట రాసుకున్నదాంట్లో అడవిదున్నలున్నాయి. దున్నల మందలను చంపేస్తే, వాటిమీద బతికే మనుషులు తిండికి చేతులు చాచి దారికొస్తారని తెల్లవాళ్ల ఆలోచన. మైదానాల నిండా ఎముకలు. అది తీసేశాను. గుర్రాలు, డప్పులు, నక్షత్రాలు పెట్టాను. చివర్న 'ఈ ప్రజలు నేటికీ ఉన్నారు' అన్న వాక్యం మాత్రం ఉంచాను. ఆ ఒక్కదాని కోసం నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

స్పీకర్ ఆపారు. కొత్త విస్తరి, కొత్త వంట. నిశ్శబ్దం. నిన్నటి అరుపు కంటే ఈ నిశ్శబ్దమే...

రాలేదు. మల్లేశ్ ఈకల టోపీ చంకలో పెట్టుకుని వచ్చాడు. "పెద్దమ్మ, ఇంటికి పో. అవి ఇటు దిక్కు మర్చిపోయినయి."

"కాకులు మర్వయిరా."

సెప్టెంబర్ 23

రొట్టె, చాయ్. అన్నం ఊసెత్తదు. దవాఖానకు పోదామంటే "నాకేమైందే?" అంటుంది. అన్నకు ఫోన్ చేశాను. "నువ్వన్న జర నచ్చజెప్పు" అన్నాడు. ఎవరికి?

సెప్టెంబర్ 24

ఇక్కడే, మొయినాబాద్‌లోనే, కిరాయింటి మిద్దెమీద పెట్టించాను. చెయ్యి వెనక్కి తీయకముందే వాలాయి. ఒకటి కాదు, గుంపు. ప్రాణం లేచొచ్చింది నాకు. అవ్వ వాటిని అట్లాగే చూస్తూ నిల్చుంది.

"ఇవి ఈ ఊరి కాకులు. బజ్జీల బండి కాడ తిరిగేటియి. మీ బాపు చేను ఇడిసి గింత దూరం ఎందుకొస్తడు?"

"చేను మనది కాదవ్వ ఇప్పుడు."

"అమ్మినమని ఆయనకెవరు జెప్పిండ్రు?"

బాపు పోయిన తర్వాతే కదా బేరం. ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

బోర్డులు బిగించారు. మల్లేశ్ ఫొటో పంపాడు. 'నేటికీ ఉన్నారు' లేదు. 'ఒకప్పుడు ఈ భూమిపై తిరిగిన' అని ఉంది. తిరిగిన... అడగాలా? ఏమని? గుర్రాలు పెట్టింది నేనే.

మధ్యాహ్నం మేనేజర్ మెసేజ్. చెట్టు కింద సమాధి గురించి గెస్టులు అడుగుతున్నారట. 'ఏన్షెంట్ ట్రైబల్ టూమ్' — పాతకాలపు గిరిజన సమాధి — అని బోర్డు పెడదామా, ఐదు లైన్లు చాలు, మేడమ్ అయితే బాగా రాస్తారు. అది ఎవరిదో ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడా, తెలిసీ మర్చిపోయాడా.

అవ్వకు చదివి వినిపించాను. కోపం వస్తుందనుకున్నాను. వస్తే నా పని తేలికయ్యేది. చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఉన్నడో పోయిండో తెల్వకుండ ఎట్ల రాస్తవే? మొదలు కాకిని ముట్టనియ్యి."

సోమవారం మళ్లీ స్పీకర్ ఆపుతారట. ఆదివారమే మినప్పప్పు నానబెట్టమని అవ్వ ఇప్పటినుంచే చెబుతోంది. ఈసారి ఇంకా మెత్తగా రుబ్బాలట. మేనేజర్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు.