సముద్రంలో చిటికెడు పసుపు

జూలై 9, 2025

మా రిసార్టులో అలల పూల్‌కు ఓనర్ పెట్టిన పేరు సముద్రం. అజీజ్‌నగర్‌లో సముద్రం! మోటర్ బంద్ చేస్తే చచ్చే సముద్రం. రోజూ పొద్దున దాని నీళ్లు టెస్ట్ చేసేది నేనే. ట్యూబులో నీళ్లు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. పసుపురంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. తెల్లగానే ఉంటే ఎవరినీ దించకూడదు.

చుక్కల సీసా అయిపోయి వారం. మేనేజర్ ధనరాజ్ తెప్పించడు. ఇవాళ వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి ట్యూబులో కలిపాను. చూసి "సూపర్" అన్నాడు. బాత్రూంలోకి పోయి నోట్లో టవల్ కుక్కుకుని నవ్వాను.

జూలై 10

మళ్లీ పసుపు. మళ్లీ సూపర్.

జూలై 12, శనివారం, పొద్దున 8

రాత్రంతా వాన. పక్క కోళ్లఫారం మోరీ పొంగి సముద్రంలో కలిసింది. అడుగున జాలీకి చెత్త పట్టింది. పదకొండుకు గెస్టులు. దిగి తియ్యమని ధనరాజ్ తోటమాలి అంతయ్యను పిలిచాడు. అంతయ్య మడమకు పార తగిలిన పుండు ఇంకా మానలేదు.

కిందటేడు పూల్లో మొసలి ఉందని నేనంటే చెడ్డీ మీద గేటు దాకా ఉరికినవాడు. అందుకే, "ఈసారన్న నిజం చెప్పు కుర్మన్నా, నీళ్లు మంచిగున్నయా?" అన్నాడు.

నా చేతిలో పసుపు ట్యూబు. చెప్దామని నోరు తెరిచాను. ధనరాజ్ నన్నే చూస్తున్నాడు. ట్యూబు పైకెత్తి చూపించి, "దిగు బే" అన్నాను.

సాయంత్రం

వానని గెస్టులు రానేలేదు.

జూలై 20

అంతయ్యకు జ్వరం. కండ్లు నెత్తురు ముద్దలు. పిక్కలు గుంజుతున్నాయట.

జూలై 23

దవాఖానలో పడేశారు. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు పుండులోంచి ఎక్కాయన్నాడు డాక్టర్. ఎక్కడ దిగావంటే అంతయ్య, "మా సముద్రంల నీళ్లు మంచియే సార్, కుర్మన్న టెస్ట్ చేసిండు, నా కండ్లతోని చూసిన" అన్నాడట.

ఈ మాట చెప్పింది అతని భార్య విమలమ్మ. "జర వచ్చి ఏదన్న మస్కిరి చెయ్యన్నా, ఆయన నవ్వక మూడు దినాలాయె" అంది.

పోయాను. మంచం పక్కన కూర్చున్నాను. ఒక్క మస్కిరీ రాలేదు.

జూలై 26

అంతయ్య పోయాడు.

జూలై 28

ఇవాళ పసుపు వెయ్యలేదు. తెల్లటి ట్యూబు తీసుకుపోయి ధనరాజ్ ముందు పెట్టాను.

ఎత్తి చూశాడు. "ఏమైంది కుర్మయ్యా, వంటింట్ల పసుపు ఒడిసిందా?" అన్నాడు.