వెనక స్తంభం ముట్టుకోవద్దు

నాన్నగారికి, జ్వరం పూర్తిగా తగ్గి మళ్లీ లైబ్రరీకి వెళ్తున్నాను, అమ్మను దిగులు పడవద్దనండి.

మీరు పంపిన ఫొటో అందింది. మన బల్ల మీది యుద్ధనౌక నమూనాకు ముందు తెరచాప స్తంభం, నడిమి స్తంభం చెల్లాయే చేసిందని రాశారు. నా కుర్చీలో అది కూర్చుంటుందని తెలుసు గాని, కర్ర నునుపు చేసే నా చిత్రిక కూడా దాని చేతికిస్తారనుకోలేదు. దాని చెయ్యి నాకంటే నిలకడ అని కూడా రాశారు. ఆ మాట రాయకపోయినా బాగుండేది.

మధ్యాహ్నం ఫొటో మీద స్కేలు పెట్టి తప్పు వెతికాను. మా లైబ్రేరియన్ గారు చూసి, "పెళ్లికొడుకా? ఎత్తు కొలుస్తున్నావా?" అన్నారు. "స్తంభమండీ" అన్నాను. "అంత పొడుగా? అయితే ఒప్పేసుకో తల్లీ" అని వెళ్లిపోయారు. ఓడ పొడవుతో పోల్చి లెక్కగట్టాను. ఎత్తు సరిపోయింది. స్తంభం అడుగున ఉన్న లావులో కొన మూడింట రెండు వంతులుండాలి కదా, అదీ సరిపోయింది. ఒక్క తప్పు దొరికినా ఆ పూట అన్నం సయించేది.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా నీలం స్వెటర్ పంపండి. దానిలో చుట్టి వెనక స్తంభానికి కర్ర, కొలతలు, చిన్న చిత్రిక కూడా పంపండి. నా గది కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది.

అమ్మకు నమస్కారాలు, చెల్లాయికి ముద్దులు. ఈ కార్డు మీకంటే ముందు అదే చదువుతుంది కాబట్టి, వెనక స్తంభం ముట్టుకోవద్దని దానికి వేరే రాయడం లేదు.

మీ పెద్దమ్మాయి